సైకిల్ షాపు స్టేజి

ఆరో సెమిస్టర్ మొదటి రోజు
నోటీసు బోర్డుకు ఫొటో తీసుకున్నాం
ఒకరి భుజం మీంచి ఒకరం.
సోమవారం తొమ్మిదీ పదికే డేటాబేస్ క్లాసు.
నిఖత్ నవ్వింది:
"గప్పటికి నువ్వింకా ఉప్పల్ రింగు రోడ్డు మీదనే ఉంటవ్ గదనే!"

నిజమే.
మా దగ్గర బస్సు ఆగే చోట
బోర్డు లేదు, నీడ లేదు.
సైకిల్ షాపు స్టేజి అంటారు.
సైకిల్ షాపు కూడా లేదు.
నేను పుట్టకముందు ఉండేదట,
పంక్చరుకు అర్ధరూపాయి తీసుకునే బాలయ్యది.
ఇప్పుడక్కడ మొబైల్ కవర్ల కొట్టు, పక్కన టిఫిన్ బండి.
మైసూరు బోండా రెండో వాయ నూనెలో పడేసరికి
ఏడూ ఇరవై బస్సు కనిపిస్తుంది.
ముగ్గురు చెయ్యెత్తితే ఆగుతుంది,
ఇద్దరే ఉంటే చూడనట్టు పోతుంది.
అందుకే నేనూ, ఆకుకూరల గంపతో మణెమ్మా
పొద్దున్నే
మూడో మనిషి కోసం ఎదురుచూస్తాం.

కండక్టరమ్మ చింపి ఇచ్చే జీరో టికెట్లు
నా రికార్డు బుక్కులో పేజీ గుర్తులు.
ఎక్కడ నిద్రపోయానో
అక్కడొకటి ఉంటుంది.

ఇంటర్వ్యూ ఫోన్‌లోనే అయింది,
తార్నాక సిగ్నల్ దగ్గర,
ఒక చేత్తో రాడ్డు పట్టుకుని.
"మీ బలం ఏమిటి?" అని అడిగారు.
నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి కేక:
"ముందుకు జరుగుండ్రమ్మా, లోపల మస్తు జాగుంది!"
అటువైపు ఎవరో పకపకా నవ్వారు.
ఆ నవ్వుకే సెలెక్టయ్యానని
నాకిప్పటికీ అనుమానం.

లింగస్వామి ఇరవై మూడు కంపెనీలకు పెట్టాడు.
ఒకటి "అభినందనలు" అని రాసి
ముందు పన్నెండు వేలు కట్టమంది.
కట్టలేదన్నాడు.
కట్టి ఉంటే చెప్పేవాడు కాదనుకుంటా.
నాకొచ్చిందని చెప్పిన రోజు
క్యాంటీన్‌లో చాయ్ వాడే తాగించాడు,
ఉస్మానియా బిస్కెట్ మాత్రం
నావైపు చూడకుండా ముంచుకున్నాడు.

మాదాపూర్‌లో ఐదో అంతస్తు.
మెడలో కార్డు మీద నా పేరు కంటే పెద్దక్షరాల్లో
టెంపరరీ.
వారానికి మూడు మధ్యాహ్నాలు నా పని
మ్యాపులో బస్‌స్టాపుల పేర్లు సరిచేయడం.
ఉప్పల్ ఎక్స్ రోడ్, ఉప్పల్ క్రాస్ రోడ్స్, ఉప్పల్ చౌరస్తా,
అన్నీ ఒకటేనని
ఏసీలో స్వెటర్ వేసుకుని కంప్యూటర్‌కు చెబుతాను.
మధ్యలో వైదేహి మేడమ్ మెసేజి:
అరవై ఎనిమిది శాతం, జాగ్రత్త.
హాజరు గురించి. జ్వరం గురించి కాదు.

ఒకరోజు పని తొందరగా అయిపోయి
మా వైపు జరిపి చూశాను.
రోడ్డుంది, గీత ఉంది.
గీత మీద చుక్క లేదు.
రోజూ నేను నిలబడే చోట
తెల్లగా, ఏమీ లేదు.
చుక్క పెట్టాను. పేరు రాశాను.
కింద ఒక గడి అడిగింది: ఆధారం?
బాలయ్య అని కొట్టి, చెరిపేశాను.
మణెమ్మ అని కొట్టి, అదీ చెరిపేశాను.
చివరికి ఇలా రాశాను:
నేను రోజూ ఇక్కడే ఎక్కుతాను.
పసుపు రంగులో జవాబొచ్చింది,
పరిశీలనలో ఉంది.

మెట్రోకు డబ్బులు పోతాయి, బస్సుకు పొద్దు పోతుంది.
ఆ రోజు డబ్బులే పోనిచ్చి
ఉప్పల్‌లో దిగి, చివరి బస్సుల్లో ఒకటి పట్టుకున్నాను.
కండక్టరమ్మ కొత్త మనిషి.
"ఏడ దిగుతవ్?"
చెప్పాను.
మిషన్లో పైకీ కిందికీ వెతికింది.
"గట్ల స్టాపే లేదమ్మా" అని
ముందు స్టాపు కొట్టి టికెట్ ఇచ్చింది.
బోండాల బండి మూసిన చోటుకు రాగానే లేచాను.
ఆమె నన్ను చూడలేదు.
కిటికీలోంచి చీకట్లోకి చూసి
విజిలేసింది.

ఆగింది.

దిగి నడుస్తుంటే గుర్తొచ్చింది,
రేపు సోమవారం కాకపోయినా
డేటాబేస్ అసైన్‌మెంట్ రేపే.